పెళ్లి లైవ్ కోసం కొన్న ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్: అట్ట మీద రాసింది సగమే నిజం

ముందే చెప్పేస్తాను. మూడు వేల లోపు దొరికే ఈ ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్మార్ట్ స్విచ్ (నెట్‌వర్క్ తీగలన్నిటినీ ఒకచోట కలిపే డబ్బా) మంచి సరుకే. ఇనుప బాడీ, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. ఎండాకాలంలో తణుకులాంటి ఊళ్లో మూసేసిన ర్యాక్‌లో పెట్టినా గోరువెచ్చగా ఉందే తప్ప కాలలేదు. కానీ అట్ట మీద ఉన్న ‘మల్టికాస్ట్ సపోర్ట్, ఐపీటీవీకి అనుకూలం’ అన్న మాట (మల్టికాస్ట్ అంటే ఒకే కాపీ పంపి ఎన్ని టీవీలకైనా చేర్చడం, ఐపీటీవీ అంటే నెట్ తీగ మీద వచ్చే టీవీ) నమ్మి, ఇవి నాలుగు కొనేసి టీవీలు తగిలించేద్దాం అనుకునేవాళ్లు మాత్రం కింద రాసింది చదివాకే డబ్బు తియ్యండి.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో మూడు నాలుగు కంపెనీల డబ్బాలు నా చేతి మీదుగా వెళ్లాయి. లోపలి వ్యవహారం దాదాపు ఒకటే. ఒకదాని పేరు రాస్తే మిగతావి బాగున్నాయనుకుని అవి కొంటారు.

నేను కేబుల్ ఆపరేటర్‌ని. డాబా మీద డిష్ పెట్టి, స్తంభాలకి కోయాక్స్ కేబుల్ లాగిన రోజుల నుంచీ ఇదే పని. 2017 చివర్లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలై మా వాళ్లంతా ఐపీటీవీ బాక్సులు బిగించడం నేర్చుకున్నప్పుడే ఐజీఎంపీ అనే మాట నా చెవిన పడింది. ‘ఈ ఛానెల్ నాకు కావాలి’ అని టీవీ బాక్స్ నెట్‌వర్క్‌కి చెప్పే పద్ధతి అది. కోయాక్స్‌లో ఈ గొడవ లేదు. అన్ని ఛానెళ్లూ అన్ని ఇళ్లకీ ఎప్పుడూ వెళుతూనే ఉంటాయి, టీవీ తనకి కావలసింది పట్టుకుంటుంది. ఐపీలో, అంటే నెట్ తీగ మీద, అలా కాదు. కావలసినవాడు అడగాలి, అడిగిన సంగతి ఒకరు గుర్తు పెట్టుకోవాలి, ‘ఇంకా కావాలా, వద్దా’ అని మధ్యమధ్యలో ఇంకొకరు కనుక్కోవాలి. ఇవి మూడు వేర్వేరు పనులు. అడగడం టీవీ బాక్స్ పని. గుర్తు పెట్టుకోవడం ఈ స్విచ్ చేస్తుంది, చాలా బాగా చేస్తుంది. మూడో పని దీనికి అస్సలు రాదు. ఆ సంగతి అట్ట మీద ఎక్కడా రాయలేదు.

కొన్నది ఒక ఫంక్షన్ హాలు కోసం. కింద మండపం, భోజనాల హాలు, పైన పదహారు గదులు. ఓనరు రాజుగారి కోరిక చిన్నదే. మండపంలో వీడియో వాళ్ల మిక్సర్ నుంచి వచ్చే బొమ్మ గదుల్లో టీవీల మీద, భోజనాల దగ్గర మూడు పెద్ద టీవీల మీద, కింద లాబీలో ఒకదాని మీద కనపడాలి. మెట్లెక్కలేని పెద్దవాళ్లు, పిల్లల్ని పడుకోబెట్టుకున్న తల్లులు గదిలోంచే ముహూర్తం చూసుకోవచ్చు. మొత్తం ఇరవై టీవీలు. నాలుగు స్విచ్‌లు తీసుకున్నాం. ఒకటి మెయిన్, మిగతా మూడూ తలా ఏడు టీవీల వరకూ మోసేవి.

మిక్సర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ తీగ ఒక ఎన్‌కోడర్ డబ్బాలోకి వెళుతుంది. అది బొమ్మని హెచ్.264 అనే కుదించిన వీడియో రూపంలోకి మార్చి నెట్‌వర్క్ మీదకి వదులుతుంది. నాణ్యత 6 ఎంబీపీఎస్ దగ్గర పెట్టాను, పట్టుచీర జరీ చెదరకుండా కనపడాలంటే ఆ మాత్రం కావాలి. ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కో టీవీకి ఒక్కో కాపీ పంపితే ఇరవైకి 120 ఎంబీపీఎస్. ఎన్‌కోడర్‌కి ఉన్నదే 100 ఎంబీపీఎస్ పోర్టు. పైగా చిన్న చిప్ పెట్టి చేసిన ఆ డబ్బా అన్ని కాపీలు తిప్పలేక ఐదారు టీవీలకే చతికిలబడుతుంది. మల్టికాస్ట్ అయితే ఎన్‌కోడర్ పంపేది ఒకే ఒక్క కాపీ. టీవీలు ఇరవై అయినా రెండు వందలైనా దాని పోర్టు మీద పడేది అదే 6 ఎంబీపీఎస్. కాపీలు తీసే పని స్విచ్‌లది.

ఆ ఒక్క కాపీ ఏ టీవీ పేరు మీదా వెళ్లదు, ఒక గ్రూప్ అడ్రస్ మీద వెళుతుంది. 224 నుంచి 239 వరకూ మొదలయ్యే ఐపీ అడ్రస్‌లన్నీ ఇలాంటివే. అందులో 239తో మొదలయ్యేవి మన ఆవరణ లోపల మన ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి వదిలేసినవి. చూడాలనుకున్న టీవీ బాక్స్ ‘నేనూ ఈ గ్రూప్‌లో ఉన్నాను’ అని ఐజీఎంపీ రిపోర్ట్ ఒకటి పంపుతుంది. పంపేవాడికి మాత్రం ఎవరు చూస్తున్నారో, ఎంతమంది చూస్తున్నారో ఏమీ తెలియదు. తెలియక్కర్లేదు కూడా. 1989లో స్టీవ్ డీరింగ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1112 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసి పెట్టే పత్రం) నుంచీ పద్ధతి ఇదే.

మామూలు స్విచ్‌కి ఈ రిపోర్ట్‌ల భాష తెలియదు. మల్టికాస్ట్ వస్తే దండోరా వేసినట్టు అన్ని పోర్టుల్లోకీ వదిలేస్తుంది. టీవీలకి దానివల్ల నష్టం లేదు, చచ్చేది వైఫై. వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ డబ్బా మల్టికాస్ట్‌ని గాల్లోకి పంపేటప్పుడు దూరంగా ఉన్న పాత ఫోన్‌కి కూడా అందాలని అన్నిటికన్నా తక్కువ వేగంలో పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది చాలా చోట్ల 1 ఎంబీపీఎస్. అందులోంచి 6 ఎంబీపీఎస్ వీడియో తోస్తే ఇక మిగతా వాళ్లకి గాలి ఆడదు. కౌంటర్ దగ్గర ఫోన్‌పే తిరుగుతూ ఉంటుంది, వంటవాళ్ల ఫోన్లో వాట్సాప్ వెళ్లదు, అందరూ ‘నెట్ పోయింది’ అని ఇంటర్నెట్ వాడిని తిడతారు. వాడి తప్పు ఇసుమంత కూడా ఉండదు.

ఈ స్విచ్ గెలిచింది ఇక్కడే. వెబ్ పేజీలో ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్ చెయ్యగానే తన గుండా పోయే రిపోర్ట్‌లని చాటుగా వింటుంది, ఏ పోర్టులో ఏ గ్రూప్ కావాలన్నారో పట్టిక రాసుకుంటుంది. అడిగిన పోర్టుల్లోకే వీడియో వెళుతుంది. పరీక్షించడానికి ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు, ముందున్న లైట్లు చూస్తే చాలు. స్నూపింగ్ లేనప్పుడు ఎనిమిదీ ఒకేసారి దడదడా కొట్టుకుంటాయి. ఆన్ చేశాక టీవీ ఉన్న పోర్టులే కొట్టుకుంటాయి, వైఫైదీ సీసీ కెమెరాల డీవీఆర్‌దీ నిదానంగా మెరుస్తూ ఉంటాయి. ఈ ధరకి ఇంత శుభ్రంగా పనిచేస్తుందని నేను అనుకోలేదు. ఇక్కడికి ఐదుకి ఐదు ఇస్తాను.

ఇప్పుడు అసలు కథ. హాలుకి తీసుకెళ్లే ముందు మా షాపులోనే ఒక స్విచ్, ఎన్‌కోడర్, రెండు టీవీలు పెట్టి వదిలేశాను. బొమ్మ అద్దంలా వచ్చింది. టీ తాగి వచ్చేసరికి రెండు టీవీలూ నల్లగా ఉన్నాయి. ఛానెల్ మార్చి మళ్లీ పెడితే వచ్చింది. ఫోన్లో టైమర్ పెట్టి చూస్తే నాలుగు నిమిషాలు దాటి ఇరవై సెకన్ల దగ్గర మళ్లీ పోయింది. ప్రతిసారీ అక్కడే.

ఈ అంకె ఊరికే వచ్చింది కాదు. టీవీ బాక్స్ గ్రూప్‌లో చేరేటప్పుడు తనంతట తానే రిపోర్ట్ పంపుతుంది. ఆ తర్వాత ఎవరైనా అడిగితేనే మళ్లీ పంపుతుంది. అలా కనుక్కునేవాడిని క్వెరియర్ అంటారు, పైన చెప్పిన మూడో పని ఇదే. మామూలుగా రౌటర్ ఈ పని చేస్తుంది. ప్రతి 125 సెకన్లకి ఒకసారి ‘ఎవరెవరు ఏ గ్రూప్‌లో ఉన్నారు’ అని నెట్‌వర్క్ మొత్తాన్నీ అడుగుతుంది, జవాబుకి 10 సెకన్లు గడువిస్తుంది. రెండు విడతలు అడిగినా జవాబు రాకపోతే, అంటే 125 రెండుసార్లు, దాని మీద 10, మొత్తం 260 సెకన్లు గడిస్తే, ఆ పోర్టులో చూసేవాళ్లు లేరని స్విచ్ పట్టికలోంచి కొట్టేస్తుంది. మా షాపులో అడిగేవాడే లేడు కాబట్టి టీవీలు నోరు విప్పలేదు, స్విచ్ తన లెక్క ప్రకారం కొట్టేసింది. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు, బొమ్మ మాత్రం పోయింది. జీలకర్ర బెల్లం పెట్టడానికి ఐదు నిమిషాల ముందు టీవీ పెట్టుకున్న బామ్మగారికి ఈ లెక్క ఎవరు చెబుతారు?

‘నాకు అలా ఆగలేదే’ అని కొందరు అంటారు. వాళ్ల స్విచ్‌లో ‘తెలియని మల్టికాస్ట్’ అనే సెట్టింగ్ అన్నిటికీ వదిలేసేలా ఉండి ఉంటుంది. అప్పుడు 260 సెకన్ల తర్వాత బొమ్మ ఆగదు, మళ్లీ అన్ని పోర్టుల్లోకీ పొంగుతుంది, వైఫై చస్తుంది. నాది ఆపేసేలా పెట్టి ఉంది. నన్నడిగితే ఆగిపోవడమే నయం, రోగం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

నాలుగు స్విచ్‌లూ కలిపితే ఇంకా అన్యాయం. స్విచ్ తన దగ్గరికి వచ్చిన రిపోర్ట్‌ని రౌటర్ ఉన్న వైపుకే పంపుతుంది. రౌటర్ ఏ వైపు ఉందో దానికి తెలిసేది ఆ 125 సెకన్ల ప్రశ్న ఎటునుంచి వచ్చిందో చూసే. ప్రశ్నే లేకపోతే పై అంతస్తు స్విచ్‌కి రిపోర్ట్ ఎటు పంపాలో తెలియదు, మెయిన్ స్విచ్‌కి పైన ఎవరో చూస్తున్నారన్న కబురే అందదు. హాల్లో మొదటిసారి తగిలించినప్పుడు గదుల్లో నాలుగు నిమిషాలు కాదు కదా, నాలుగు సెకన్లు కూడా బొమ్మ రాలేదు.

ఈ స్విచ్‌లో క్వెరియర్ ఆన్ చేసే మీట ఏమైనా ఉందా అని మెనూ మొత్తం వెతికాను. లేదు. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. “సార్, స్నూపింగ్ ఎనేబుల్ చేశారా?” చేశాను బాబూ. “ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్యండి సార్.” చేశాను. “అయితే సార్, రీసెట్ చేసి చూడండి.” క్వెరియర్ ఉందా లేదా అన్నదానికి మాత్రం సూటిగా జవాబు రాలేదు. లేదు అని ఒక్క ముక్క చెబితే ఇద్దరికీ టైము కలిసొచ్చేది.

ఇంటర్నెట్ వాళ్లిచ్చిన ఫైబర్ డబ్బా కూడా ఆ పని చెయ్యలేదు. చివరికి మైక్రోటిక్ కంపెనీ చిన్న రౌటర్ ఒకటి మెయిన్ స్విచ్‌కి తగిలించాను. దాని పోర్టుల్ని కలిపే బ్రిడ్జ్ సెట్టింగుల్లో ఐజీఎంపీ స్నూపింగ్, పక్కనే మల్టికాస్ట్ క్వెరియర్ అని రెండు టిక్కులుంటాయి. రెండూ పెట్టాను, ఐజీఎంపీ వెర్షన్ 2 దగ్గర ఉంచాను. ఎందుకంటే ఈ స్విచ్‌కి వెర్షన్ 2 రిపోర్ట్‌లు బాగా అర్థమవుతాయి, వెర్షన్ 3వి వస్తే తడబడుతుంది. వాటి రూపం వేరు, అవి వెళ్లే అడ్రస్ కూడా వేరు, గ్రూప్ పేరు మీద కాకుండా 224.0.0.22కి వెళతాయి. క్వెరియర్ వెర్షన్ 2లో అడిగితే వెర్షన్ 3 తెలిసిన బాక్సులు కూడా దిగివచ్చి వెర్షన్ 2లోనే జవాబిస్తాయి. ఆ క్షణం నుంచి ఇరవై టీవీలూ కదలకుండా నడుస్తున్నాయి. పాత మినీ పీసీ పడి ఉన్నవాళ్లు లైనక్స్ బ్రిడ్జ్‌తో కూడా ఇదే పని చేయించవచ్చు. పొరపాటున రెండు క్వెరియర్లు ఉన్నా కొట్టుకోవు, తక్కువ ఐపీ అడ్రస్ ఉన్నది అడుగుతుంది, రెండోది ఊరుకుంటుంది.

ఎన్‌కోడర్ గురించి ఒక మాట, ఎందుకంటే ఆ నింద కూడా స్విచ్ మీదే పడుతుంది. మాకొచ్చిన ఎన్‌కోడర్‌లో ఫ్యాక్టరీ నుంచి పెట్టిన గ్రూప్ అడ్రస్ 239.0.0.1. ఇది వెంటనే మార్చెయ్యండి. ఇలాంటి స్విచ్ చూసేది ఐపీ అడ్రస్‌ని కాదు, దాన్నుంచి తయారైన మ్యాక్ అడ్రస్‌ని, అంటే ప్యాకెట్ ఏ పోర్టులోకి పంపాలో స్విచ్ చూసుకునే హార్డ్‌వేర్ అడ్రస్‌ని. ఐపీ గ్రూప్ అడ్రస్‌లో గ్రూప్‌ని చెప్పే భాగం 28 బిట్లు, మ్యాక్‌లో దానికి దొరికిన చోటు 23 బిట్లే. మిగతా ఐదు బిట్లు రాలిపోతాయి కాబట్టి 32 ఐపీ గ్రూప్‌లకి ఒకే మ్యాక్ వస్తుంది. 239.0.0.1 తీసుకెళ్లి మ్యాక్‌లో పెడితే అది 224.0.0.1కి వచ్చే మ్యాక్‌తో సమానం. 224.0.0.1 అంటే ‘ఇక్కడున్న అందరూ’ అని. 224.0.0 వరసలోవి ఎప్పుడూ అన్ని పోర్టులకీ వదలాలన్నది స్నూపింగ్ స్విచ్‌ల కోసం 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4541 చెప్పే పద్ధతి. దాంతో స్నూపింగ్ ఆన్‌లో ఉన్నా మన పెళ్లి వీడియో అన్ని పోర్టుల్లోకీ పోతుంది. 239.128.0.1 కూడా ఇదే ఉచ్చు. నేను 239.10.10.1 పెట్టాను, గొడవ లేదు.

ఆ 23 బిట్ల వెనక నెట్‌వర్క్ వాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. డీరింగ్ 28 బిట్లకీ సరిపడేలా పదహారు మ్యాక్ అడ్రస్ బ్లాకులు కొనాలనుకున్నాడట. ఒక్కోటి వెయ్యి డాలర్లు. ఆయన పై అధికారి జాన్ పోస్టెల్ ఒక్క బ్లాకే కొని, అందులోనూ సగమే మల్టికాస్ట్‌కి ఇచ్చాడట. బడ్జెట్ సరిపోని కష్టం తణుకులోనే కాదు, అక్కడా ఉందన్నమాట.

మెనూలో ‘ఫాస్ట్ లీవ్’ అని ఇంకో టిక్కు ఉంటుంది. పేరు చూసి ముచ్చటపడకండి. 1989 నాటి మొదటి ఐజీఎంపీలో ‘నేను వెళ్లిపోతున్నాను’ అని చెప్పే సందేశమే లేదు, గడువు తీరేదాకా వీడియో వస్తూనే ఉండేది. 1997లో వచ్చిన వెర్షన్ 2 దాన్ని చేర్చింది. ఒక బాక్స్ వెళ్లిపోతానంటే క్వెరియర్ వెంటనే ‘ఈ గ్రూప్‌లో ఇంకెవరైనా ఉన్నారా’ అని సెకను ఎడంతో రెండుసార్లు అడుగుతుంది, ఎవరూ పలకకపోతేనే ఆపుతారు. ఫాస్ట్ లీవ్ పెడితే అడగడం ఉండదు, లీవ్ వచ్చిన క్షణమే పోర్టు కట్. ఒక పోర్టుకి ఒకే టీవీ ఉంటే ఇది మంచిదే, ఛానెల్ చురుగ్గా మారుతుంది. కానీ మా మెయిన్ స్విచ్‌లో ఒక్కో పోర్టు వెనక ఆరేడు టీవీలున్నాయి. హాలు ఎలక్ట్రీషియన్ కుర్రాడు యూట్యూబ్‌లో ఏదో చూసి ఆ టిక్కు పెట్టేశాడు. సాయంత్రం ఒక గదిలో ఎవరో ఛానెల్ మార్చారు, ఆ వరసలో గదులన్నీ నల్లబడ్డాయి. రాజుగారు ఫోన్: “ఏమయ్యా, ఒకళ్లు టీవీ కట్టేస్తే అందరివీ ఆగిపోతున్నాయేంటి? దయ్యం పట్టిందా దీనికి?” టిక్కు తీయించాను, దయ్యం వదిలింది. పై అంతస్తు స్విచ్‌లలో పెట్టుకోండి, మెయిన్‌లో వద్దు.

ఇంకో ప్రశ్న ప్రతి పెళ్లికీ వస్తుంది. “ఇదే బొమ్మ డల్లాస్‌లో మా అబ్బాయికి కూడా వస్తుందా?” రాదండి. 239 అడ్రస్‌లు ఆవరణ దాటి పోకూడదు, అది వాటి నియమం. నియమం పక్కన పెట్టినా, ఐజీఎంపీ పని టీవీకీ దగ్గరున్న రౌటర్‌కీ మధ్యనే. ఒక రౌటర్ నుంచి ఇంకో రౌటర్‌కి చేరాలంటే పిమ్ అనే ఇంకో ప్రోటోకాల్ కావాలి. ఎక్కువగా వాడే స్పార్స్ మోడ్‌లో పంపేవాడూ చూసేవాడూ మొదట ఒక మధ్యస్థ రౌటర్ దగ్గర కలుస్తారు. చూసేవాడి వైపు రౌటర్ నుంచి ‘జాయిన్’ అనే కబురు ఒక్కో రౌటరూ దాటుకుంటూ అక్కడికి వెళుతుంది, వీడియో అదే దారిలో వెనక్కి వస్తుంది. ఆ తర్వాత దగ్గరి దారి ఉంటే నేరుగా దానికి మారిపోతారు. ప్రతి రౌటరూ ఒకటి చూస్తుంది: పంపినవాడికి నేను తిరిగి కబురు పంపాల్సి వస్తే ఏ తీగ వాడతానో, ప్యాకెట్ ఆ తీగలోంచే వచ్చిందా? వేరే దాన్నుంచి వస్తే పడేస్తుంది. వీడియో గుండ్రంగా తిరుగుతూ ఉండిపోకుండా కాపాడేది ఈ తనిఖీయే.

ఒక ఆపరేటర్ సొంత నెట్‌వర్క్‌లో ఇదంతా చక్కగా నడుస్తుంది, ఐపీటీవీలు నడిచేది దీనిమీదే. ముంబైలో స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎన్‌ఎస్‌ఈ వాళ్లు బ్రోకర్లకి ధరల ఫీడ్ ఇచ్చేదీ మల్టికాస్ట్‌లోనే. కానీ ఊరూరా ఉన్న ఇంటర్నెట్ కంపెనీలు ఒకరి మల్టికాస్ట్ ఒకరు మొయ్యరు. ఎవరి కోసం ఎంత మోశామో లెక్క తేలదు, బిల్లు ఎవరికి వెయ్యాలో తెలియదు. 1992 మార్చిలో శాన్ డియాగోలో జరిగిన ఐఈటీఎఫ్ (ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ) సమావేశం మాటల్ని ఇంటర్నెట్ మీద మల్టికాస్ట్ చేసి వేరే ఖండాల్లో కూడా వినిపించారు. మధ్యలో ఉన్న మామూలు రౌటర్లని దాటడానికి సొరంగాల్లాంటివి వేసుకోవాల్సి వచ్చింది. ఆ ముచ్చట మామూలు ఇళ్ల దాకా రాలేదు. అందుకే డల్లాస్ అబ్బాయికి యూట్యూబ్ లైవ్. ఎన్‌కోడర్‌లో రెండో అవుట్‌పుట్ దానికే పెట్టాను.

మిగతావి గబగబా. సెట్టింగులు మార్చాక ‘సేవ్’ అని విడిగా నొక్కాలి, లేకపోతే కరెంటు పోయి వచ్చేసరికి అన్నీ మొదటికొస్తాయి. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే కదా. ఈ వీడియో వెళ్లే యూడీపీ అనే పద్ధతిలో పోయిన ప్యాకెట్ మళ్లీ రాదు, కాబట్టి బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంటే స్విచ్‌ని తిట్టే ముందు ఆ గది తీగ చివర ఉన్న ఆర్‌జే45 ప్లగ్ మళ్లీ క్రింప్ చెయ్యండి. గదుల్లో బొమ్మ ఒక సెకను పైచిలుకు ఆలస్యంగా వస్తుంది. కిటికీ తెరిచి ఉంటే గట్టిమేళం ముందు చెవికి వినపడి, తాళి తర్వాత టీవీలో పడుతుంది. అది ఎన్‌కోడర్ జాప్యం, దీనికి సంబంధం లేదు. అడాప్టర్ తీగ మాత్రం మరీ పొట్టి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చుకోండి.

కొనాలా అంటే: మీ దగ్గర క్వెరియర్ ఇచ్చే రౌటర్ ఇప్పటికే ఉంటే కళ్లు మూసుకుని కొనండి. లేకపోతే రౌటర్ ధర కూడా కలిపి లెక్క వేసుకోండి. ముప్పై నలభై టీవీల లాడ్జి అయితే ఈ చిన్నవి గొలుసుకట్టుగా వేసే బదులు క్వెరియర్ లోపలే ఉన్న 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్‌లకే వెళ్లండి, ఖర్చు ఎక్కువే కానీ చూసుకోవాల్సిన చోట్లు తగ్గుతాయి. షాపులో ‘మల్టికాస్ట్ ఉందా’ అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. మోడల్ నంబరు రాసుకుని, కంపెనీ సైట్లో యూజర్ గైడ్ దించుకుని, ఐజీఎంపీ పేజీలో ‘క్వెరియర్’ అన్న మాట ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. నేను కొన్నదాని గైడ్‌లో ఐజీఎంపీ గురించి రాసింది మొత్తం అర పేజీ కూడా లేదు.